మసి పట్టిన ఇల్లు: తడిగుడ్డ పట్టుకునే ముందు

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లా సింగరాయకొండ దగ్గర పల్లె. పది రోజుల కిందట అర్ధరాత్రి హాల్లో టీవీ వెనకున్న ఎక్స్‌టెన్షన్ బాక్సులో షార్ట్ సర్క్యూట్ అయి టీవీ, సోఫా, కర్టెన్లు కాలిపోయాయి. పక్కింటివాళ్లు మెయిన్ ఆపేసి, నీళ్లు పోసి ఆర్పారు. మనుషులకేమీ కాలేదు. మంట హాలు దాటలేదు గానీ వంటిల్లు, పడగ్గది కూడా నల్లబడిపోయాయి. మావారు తడిగుడ్డతో ఒక గోడ తుడిస్తే ఇంకా అలుక్కుపోయింది. ఆడపడుచు బ్లీచింగ్ పౌడరు కలిపి కడగమంటోంది. పెయింటరేమో "ఏం కాదు మేడం, రెండు కోట్లు ఏసేస్తే కనపడదు" అంటున్నాడు. పాపకి రెండేళ్లు, అత్తయ్యకి ఆయాసం. బీరువాలో పట్టుచీరలు పొగ వాసన కొడుతున్నాయి. చనిపోయిన మా నాన్న ఫోటో కూడా మసిబారింది. రాత్రి ప్లగ్గు తీయలేదని అందరూ నన్నే అంటున్నారు. సంక్రాంతికి ఆ ఇంట్లో ఉండగలమా? ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

సమాధానం:

అమ్మా,

ముందు ఆ ప్లగ్గు సంగతి తేల్చేద్దాం. రాత్రిపూట టీవీ ప్లగ్గు తీసి పడుకునే ఇళ్లు మన ఊళ్లలో ఎన్ని ఉంటాయి? ప్లగ్గు బోర్డులో ఉన్నంత మాత్రాన మంట రాదు. వదులైన పిన్ను, సముద్రపు గాలికి పట్టిన తుప్పు, నాసిరకం బాక్సు, దానికే ఒకటికి నాలుగు తగిలించడం, ఇలాంటి వాటివల్ల అతుకు దగ్గర వేడి పుట్టి ప్లాస్టిక్ కరిగి అంటుకుంటుంది. టీవీ వెనకాల, కంటికి కనపడకుండా జరిగిపోయే పని అది. నింద మీ మీద వేసుకోకండి. ఇంకొకరు వేయనూ కూడదు. కావాలంటే ఈ జవాబు ఇంట్లో అందరికీ చదివి వినిపించండి.

ఇక ఇల్లు. తడిగుడ్డ, బ్లీచింగ్, రంగు, ఈ మూడింటినీ ఇప్పటికి పక్కన పెట్టండి. మసి పట్టిన ఇంటిని బాగుచేయడానికి ఒక వరస ఉంది. ముందు పొడిగా మసి తీయాలి, తర్వాత కడగాలి, పూర్తిగా ఆరాక ప్రైమరు, అంటే రంగు కింద వేసే మొదటి పూత, చివర్లో రంగు. ఈ వరస తప్పితే డబ్బు ఖర్చవుతుంది, వాసన మాత్రం అలాగే ఉంటుంది.

ఎందుకో చెబుతాను. మీ ఇంట్లో కాలింది కట్టెలూ కాగితాలూ కాదు. సోఫా ఫోము, టీవీ ప్లాస్టిక్, వైర్ల తొడుగు, సింథటిక్ కర్టెన్లు. వీటినుంచి వచ్చే మసి చాలా సన్నగా, జిడ్డుగా ఉంటుంది. పొడిగా ఉన్నంతసేపూ అది గోడ మీద పైపైనే కూర్చుని ఉంటుంది. తడి తగలగానే కాటుకకి కంటినీరు తగిలినట్టు అలుక్కుపోయి రంగు పొరలోకి, ఆ కిందున్న లప్పంలోకి దిగుతుంది. మీవారి చేతిలో జరిగింది అదే. ఆ గోడ పాడైపోలేదు, దాని సంగతి తర్వాత చెబుతాను. మిగతా గోడల జోలికి మాత్రం తడితో వెళ్లకండి.

మంట హాలు దాటకపోయినా పడగ్గది ఎందుకు నల్లబడిందని మీకు అనిపించి ఉంటుంది. వేడి పొగ చల్లటి చోటు వెతుక్కుంటూ వెళ్లి అక్కడ అతుక్కుంటుంది. అందుకే బయటి వైపు గోడలు, గదుల మూలలు, బీరువా వెనక భాగం, మూసిన అలమర లోపల, చివరికి గోడకి కొట్టిన మేకు తల మీద కూడా నల్లటి చుక్క కనపడుతుంది. పైన మూలల్లో నల్లటి దారాలు వేలాడుతూ ఉంటాయి చూడండి. చూసేవాళ్లు సాలెగూడనుకుంటారు. నిజానికి అవి ప్లాస్టిక్ పొగలోని మసి రేణువులు ఒకదానికొకటి తగులుకుని కట్టిన తీగలు. బూజుకర్ర పెట్టి దులిపితే అక్కడికక్కడే గోడకి రాసుకుపోయి చెయ్యంత పొడవున నల్లటి చార పడుతుంది. వాటిని దులపకండి. వాక్యూమ్ గొట్టం దగ్గరికి పెట్టి తగలకుండా లాగించాలి, లేదంటే మెత్తటి బ్రష్షు కొసతో అందుకుని కవర్లోకి దించాలి.

పని మొదలుపెట్టేలోపు పాపని, అత్తయ్యగారిని మీ పుట్టింటికో బంధువుల ఇంటికో పంపేయండి. ఈ మాట మర్యాదకి చెప్పడం లేదు, గట్టిగా చెబుతున్నాను. లండన్‌లో పొగగొట్టాలు శుభ్రం చేసేవాళ్లకి వచ్చే ఒక రకం క్యాన్సరుకి మసే కారణమని పెర్సివాల్ పాట్ అనే వైద్యుడు 1775లోనే రాశాడు. ఏళ్ల తరబడి ఆ పని చేసినవాళ్లకి అంటుకునే మసిని ఈనాటికీ అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలోనే ఉంచింది. మీరు కొన్నాళ్లపాటు చేసే శుభ్రతకి అంత భయపడనక్కర్లేదు. కానీ రెండేళ్ల బిడ్డ నేల మీదే ఆడుకుంటుంది, అందిన వస్తువునల్లా నోట్లో పెట్టుకుంటుంది. ఆయాసం ఉన్న పెద్దావిడకి ఈ సన్నటి పొడి ఒక్క పూట చాలు ఎగశ్వాస రావడానికి. పనిచేసే మీరిద్దరూ ఎన్-95 మాస్కు, రబ్బరు గ్లవ్స్, కళ్లద్దాలు, పొడుగు చేతుల చొక్కా వేసుకోండి. మూతికి కట్టుకున్న తువ్వాలు ఈ పొడిని ఆపలేదు. పని అయ్యాక ఆ బట్టలు అక్కడే మార్చుకుని, తలస్నానం చేసి పాప దగ్గరికి వెళ్లండి. వాటిని విడిగా ఉతకండి.

ఏదీ కదిలించకముందే ప్రతి గదినీ, కాలిన ప్రతి వస్తువునీ పగటి వెలుతురులో ఫోటోలు, వీడియో తీయండి. ఇంటి మీద బ్యాంకు లోను ఉంటే ఆ కాగితాలు ఒకసారి తిరగేయండి. లోనుతో పాటే ఇంటికి ఇన్సూరెన్సు కట్టించి ఉండటం, ఇంట్లోవాళ్లు ఆ సంగతే మర్చిపోవడం మామూలే. 2021 ఏప్రిల్ 1 నుంచి సాధారణ బీమా కంపెనీలు 'భారత్ గృహ రక్ష' అనే ఒకే తరహా ఇంటి పాలసీ ఇస్తున్నాయి. అందులో నష్టపరిహారంతో పాటు శిథిలాలు తొలగించే ఖర్చు క్లెయిములో 2 శాతం దాకా, ఇంజనీరు ఫీజు 5 శాతం దాకా వస్తాయి. పాలసీ ఉంటే వెంటనే కంపెనీకి తెలియజేయండి. నష్టం అంచనా వేసే సర్వేయరు వచ్చి చూసేదాకా కాలిన సోఫా, టీవీ పారేయకండి, బయట టార్పాలిన్ కింద పెట్టండి.

కరెంటు విషయంలో తొందర వద్దు. మసిలో ఉండే కార్బను కరెంటుని పోనిస్తుంది, పైగా మీ ఇంట్లో నీళ్లు కూడా పోశారు. స్విచ్చుబోర్డులు విప్పించి, హాల్లో వైరింగు మొత్తం మార్పించి, మిగతా గదుల వైర్లని ఎలక్ట్రీషియన్ చేత మెగ్గర్ (వైరు తొడుగు బాగుందో లేదో చూసే మీటరు) పెట్టి పరీక్ష చేయించేదాకా మెయిన్ వేయకండి. ఆ తర్వాత కూడా ఫ్యాన్లు, ఏసీ శుభ్రం చేయకుండా వేస్తే రెక్కల మీదున్న మసి గదంతా చిమ్ముతుంది. ఫ్రిజ్జు, మిక్సీ లాంటివి పైకి బాగానే కనపడినా మెకానిక్ చూసేదాకా ప్లగ్గులో పెట్టకండి. వంటింట్లో సిలిండరుకి సెగ తగిలిందేమోనన్న అనుమానం ఉంటే వాడకుండా గ్యాస్ ఏజెన్సీకి చెప్పి మార్పించుకోండి.

ఇంకొకటి చూసుకోవాలి. టీవీ ఉన్నచోట నెత్తిన శ్లాబు ఎలా ఉంది? అక్కడ మసి పొడిగా తీసేశాక కాంక్రీటు లేత గులాబీ రంగుకి తిరిగిందా, పెచ్చులూడిందా, చిన్న సుత్తితో తడితే డొల్లగా మోగుతోందా చూడండి. కాంక్రీటు సుమారు 300 డిగ్రీలు దాటి వేడెక్కితే అలా గులాబీగా మారుతుంది, బలం తగ్గడం కూడా ఆ దగ్గరే మొదలవుతుంది. అలాంటిదేమైనా కనపడితే మేస్త్రి మాట మీద ప్లాస్టరింగు చేయించి ఊరుకోకండి. సివిల్ ఇంజనీరుని పిలిపించండి.

ఇప్పుడు అసలు పని, పొడిగా మసి తీయడం. మీ ఓపికంతా దీనికే దాచుకోండి. ఇది సరిగ్గా జరిగితే మిగతాదంతా సగానికి సగం తేలికవుతుంది.

కిటికీలు తెరవండి. మసి తక్కువున్న గది తలుపులు మూసి, సందుల్లో గుడ్డలు కుక్కండి. నేల మీద పాత పేపర్లో ప్లాస్టిక్ షీటో పరవండి. పై నుంచి కిందికి రావాలి, అంటే ముందు శ్లాబు, తర్వాత గోడ పైభాగం, ఆ తర్వాత కింద. హెపా ఫిల్టరు, అంటే చాలా సన్నటి పొడిని కూడా పట్టి ఉంచే ఫిల్టరు, ఉన్న వాక్యూమ్ క్లీనరు దొరికితే అదృష్టమే. ఒంగోల్లో క్లీనింగ్ సర్వీసుల వాళ్లని అడిగితే అద్దెకో, మనిషితో సహానో దొరకవచ్చు. బ్రష్షు ఉన్న మూతి తగిలించి, గోడకి రాపిడి పెట్టకుండా పైపైన లాగించండి. ఫిల్టరు సరిగా లేని మామూలు వాక్యూమ్ వద్దు. ముందునుంచి లాగిన సన్న మసిని వెనకనుంచి గదిలోకే ఊదుతుంది.

తర్వాత స్పాంజి. మసి తీయడానికే తయారు చేసే పొడి రబ్బరు స్పాంజి ఒకటుంటుంది. ఆన్‌లైన్లో 'సూట్ స్పాంజ్' అని వెతికితే దొరుకుతుంది. గిన్నెలు తోమే స్పాంజి దీనికి పనికిరాదు. దీన్ని నీళ్లలో ముంచకూడదు, చేతి తడి కూడా తగలనీయకూడదు. గోడ పైనుంచి కిందికి ఒకే దిశలో, రుద్దకుండా, బరువు లేకుండా లాగాలి. తర్వాతి గీత మొదటి గీత మీదికి కొంచెం ఎక్కేలా లాగాలి. అలా లాగినచోట గోడ అసలు రంగు పట్టీలాగా బయటపడుతుంది, స్పాంజి ముఖం మాత్రం నల్లగా అయిపోతుంది. నల్లబడిన ముఖంతో ఇంకో గీత లాగారో తీసిన మసినే మళ్లీ పూస్తారు. అందుకని ముఖం మార్చండి. అన్ని ముఖాలూ నల్లబడ్డాక చాకుతో ఆ పై పొర కోసేస్తే కింద మళ్లీ శుభ్రమైన రబ్బరు వస్తుంది. గుండ్రంగా తిప్పి తుడవడం మనకి అలవాటు, ఇక్కడ ఆ అలవాటు పనికిరాదు.

స్పాంజి వచ్చేలోపు చేతులు కట్టుకు కూర్చోవాలా అంటే అక్కర్లేదు. బొగ్గు పొయ్యిల మసి పట్టిన గోడకాగితాల్ని శుభ్రం చేయడానికి అమెరికాలో ఒకప్పుడు గోధుమపిండి ముద్ద అమ్మేవాళ్లు. పిల్లలు ఆడుకునే ప్లే-డో పుట్టింది ఆ ముద్దలోంచే. పూరీ పిండికంటే గట్టిగా, చేతికి అంటకుండా, కాస్త ఉప్పు వేసి కలిపిన ముద్దని నున్నటి గోడ మీద అద్ది తీస్తూ పోతే మసి దానికి అంటుకొస్తుంది. నల్లబడగానే మడిచి లోపలి భాగం బయటికి తీయాలి. గరుకు గోడకి, సున్నం గోడకి ఇది పనికిరాదు, సందుల్లో పిండి ఇరుక్కుంటుంది. బీరువా వెనకాల కనపడని మూల ఒకటి చూసుకుని ముందు అక్కడ ప్రయత్నించండి.

మీ గోడలకి ఏ రంగు ఉందో రాయలేదు. కడగడం అనేది దాన్నిబట్టే ఉంటుంది. ప్లాస్టిక్ ఎమల్షన్ అయితే నీళ్లు తట్టుకుంటుంది. డిస్టెంపర్ నీళ్లకి ఊడొస్తుంది. సున్నం గోడని కడగనే కూడదు, పొడిగా తీసినంత తీసి, మిగిలింది గీకించి, కొత్తగా లప్పం పెట్టించుకోవాలి.

కడగగలిగిన గోడలకి అరబకెట్టు గోరువెచ్చటి నీళ్లలో గిన్నెలు కడిగే లిక్విడ్ కొద్దిగా, చాకలి సోడా రెండు చెంచాలు కలపండి. మీ వైపు బోరు నీళ్లు ఉప్పగా, గట్టిగా ఉంటాయి కాబట్టి నురగ సరిగా రాదు. చాకలి సోడా ఆ గట్టితనాన్ని విరిచేస్తుంది, జిడ్డునీ కదిలిస్తుంది. అల్యూమినియం కిటికీలకి మాత్రం సోడా తగలనీయకండి, మచ్చలు పడతాయి. ఇక్కడ దిశ తిరగబడుతుంది, కడిగేటప్పుడు కింది నుంచి పైకి వెళ్లాలి. పైనుంచి మొదలుపెడితే మురికినీళ్లు కింద పొడి గోడ మీద కారి చారలు కడతాయి, ఆ చారలు మళ్లీ ఒక పట్టాన పోవు. తలుపు రెక్కంత మేర కడగడం, వెంటనే మంచినీళ్ల గుడ్డతో తుడవడం, పొడిగుడ్డతో అద్దడం, ఆ తర్వాతే పక్కకి జరగడం. సబ్బునీళ్లకొక బకెట్టు, కడిగే నీళ్లకొక బకెట్టు విడిగా పెట్టుకోండి, నల్లబడగానే పారబోయండి. మీవారు తుడిచిన గోడకి కూడా ఇదే వైద్యం. పూర్తిగా ఆరనిచ్చి, పొడి స్పాంజితో వచ్చినంత తీసి, తర్వాత సోడా నీళ్లతో కడగండి. అప్పటికీ నీడలాంటి మరక మిగిలితే దాని సంగతి ప్రైమరు చూసుకుంటుంది.

మీ ఆడపడుచుగారు మంచికోరే చెప్పారు, కానీ బ్లీచింగ్ పౌడరు ఇక్కడ పనిచేయదు. అది రంగుల్ని విరుస్తుంది, క్రిముల్ని చంపుతుంది. మసి అంటే కార్బను, దాన్ని బ్లీచింగ్ తెల్లబరచలేదు. దానికితోడు ఎవరైనా 'గట్టిగా ఉంటుంది' అని బాత్రూం యాసిడ్ కలిపారంటే క్లోరిన్ వాయువు వచ్చి ప్రాణం మీదికి వస్తుంది. యాసిడ్‌ని విడిగా కూడా వాడకండి. వంటింట్లో, అలమరల్లో కడప బండలు వేసి ఉంటే అవి సున్నపురాయి జాతి, యాసిడ్ తగిలితే పొంగి తినేస్తుంది. గట్టు చీమకుర్తి నల్లగ్రానైటు అయితే సబ్బునీళ్లతో మామూలుగా వచ్చేస్తుంది, దిగులు లేదు.

ఇనుము, స్టీలు, ఇత్తడి వస్తువుల్ని మాత్రం గోడలకంటే ముందే చూసుకోండి. పీవీసీ వైర్లు కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది, అది గాల్లోని తేమతో కలిసి హైడ్రోక్లోరిక్ యాసిడ్ అవుతుంది. సముద్రం పక్కన, అందులోనూ ఈ వానల్లో, అది ఇనుముని వదలదు. ఇప్పటికే పది రోజులైంది. కిటికీ గ్రిల్లులు, బీరువా, గడియలు, కుళాయిలు, కుట్టుమిషను పొడిబ్రష్షుతో దులిపి, సబ్బునీళ్లతో తుడిచి, బాగా ఆరబెట్టి, మిషన్ నూనె పలచగా రాయండి. స్టీలు గిన్నెలు మామూలుగా తోముకుంటే చాలు. ప్లాస్టిక్ డబ్బాలు, నాన్‌స్టిక్ పెనం, పాప పాలసీసాలు, మెత్తటి బొమ్మలు పారేయండి. కడిగినా ప్లాస్టిక్కుకి పట్టిన వాసన పోదు.

పొగ పట్టిన వంటింట్లో మూత తీసి ఉన్నవి, ప్లాస్టిక్ కవర్లలో, సంచుల్లో ఉన్నవి, బయట పెట్టిన కూరగాయలు, పాలపొడి, మందులు అన్నీ తీసేయాలి. ఊరగాయ జాడీల గురించి మీరు అడగలేదు గానీ చెప్పాలి. వాసెన గుడ్డ కట్టిన జాడీలోకి పొగ వెళ్తుంది, నూనె ఆ వాసననీ విషాన్నీ పీల్చుకుంటుంది. ఏడాదికని పెట్టుకున్న ఆవకాయ పారబోయడానికి చెయ్యి రాదు, నాకు తెలుసు. అయినా పారబోయండి. స్టీలు డబ్బాల్లోని పప్పులు కూడా మూత గాలి చొరకుండా లేకపోతే అంతే.

బట్టల దగ్గర రెండు జాగ్రత్తలు. దులిపేది ఆరుబయట, అది కూడా మెల్లగా. వాసన పూర్తిగా పోయేదాకా ఇస్త్రీ పెట్టకూడదు, వేడికి మరక, వాసన రెండూ నూలులో దిగబడిపోతాయి. నూలు బట్టల్ని సర్ఫు, కొంచెం చాకలి సోడా వేసి రెండుసార్లు ఉతికి ఎండలో వేయండి. ఈ నెలల్లో మనకి ఈశాన్య రుతుపవనాల వానలు కాబట్టి ఎండ కాసిన రోజే పెట్టుకోండి, తడి బట్టలు మూలన పడితే పొగ వాసనకి ముక్కిన వాసన తోడవుతుంది. పట్టుచీరలు, జరీ ఉన్న వెంకటగిరి చీరలు నీళ్లలో ముంచకండి, సోడా అసలు వద్దు. మడత విప్పి నీడన గాలికి ఆరేసి, డ్రై క్లీనింగుకి ఇచ్చేటప్పుడు 'అగ్నిప్రమాదం మసి' అని విడిగా చెప్పండి. మామూలు మరకలాగా బ్రష్షు పెట్టి రుద్దితే జరీ పోతుంది. పరుపులు, దిండ్లు, ఫోము కుర్చీలు మాత్రం దక్కవు. ఎండలో వేస్తే వాసన పోయినట్టే ఉంటుంది, ముసురు పట్టగానే మళ్లీ లేస్తుంది.

నాన్నగారి ఫోటో గురించి రాశారు. దానికి తొందరపడకండి, రుద్దకండి. అద్దం పగలలేదు కదా? ఫ్రేము వెల్లకిలా పడుకోబెట్టి అద్దం మీది మసిని ముందు పొడిబ్రష్షుతో అంచుల వైపుకి లాగండి, ఆ తర్వాత పొడిగుడ్డ. తడి అద్దం అంచునుంచి లోపలికి దిగుతుంది, అందుకే వద్దంటున్నాను. శుభ్రమయ్యాక నీడపట్టున, మెరుపు పడకుండా ఫోనుతో ఒక మంచి ఫోటో తీసి పెట్టుకోండి. ఏం జరిగినా ఆ రూపం మిగలాలి. తర్వాత వెనక అట్ట తీసి చూడండి. ఫోటో అద్దానికి అతుక్కుని ఉంటే లాగొద్దు, అలాగే స్టూడియోకి తీసుకెళ్లి అద్దంతో సహా స్కాన్ చేయించండి. విడిగా వచ్చి, దాని మీద మసి ఉంటే నొక్కితే గాలి వచ్చే చిన్న రబ్బరు బల్బుతో ఊది, మెత్తటి కొత్త బ్రష్షుతో మధ్యనుంచి బయటికి తాకీతాకనట్టు దులపండి. నోటితో ఊదకండి, తుంపర పడుతుంది. పట్టాదారు పాసుపుస్తకం, రిజిస్ట్రేషన్ కాగితాలకి కూడా ఇదే పద్ధతి.

పెయింటరు మాట ఇప్పుడు వినండి, కానీ మీ షరతుల మీద. మసి మీద నేరుగా నీటిరంగు వేస్తే మొదటి వారం తెల్లగానే ఉంటుంది. తర్వాత లోపలి జిడ్డు పైకి ఊరి పసుపు, గోధుమ రంగు మచ్చలు తేలతాయి. గోడ చెమ్మగిల్లిన రోజున పొగ వాసన మళ్లీ కొడుతుంది, ఎన్ని కోట్లు వేసినా అంతే. కడిగి ఆరిన గోడకి ఆయిల్ ప్రైమరు గానీ, దొరికితే షెల్లాక్ (లక్కతో చేసే) ప్రైమరు గానీ ఒక కోటు పడాలి. మరకనీ వాసననీ లోపలే బంధించేది అదే. దాని మీద లప్పం అవసరమైనచోట లప్పం, ఆపైన మీకు నచ్చిన రంగు. అతను 'వాటర్ ప్రైమరే వేస్తాను, ఒకటే కదా' అంటే ఒప్పుకోకండి.

అయితే చెమ్మ ఉన్న గోడ మీద ఆయిల్ ప్రైమరు వేస్తే బుడగలు లేస్తుంది. ఆరిందో లేదో చేత్తో తాకితే తెలియదు. మూరెడు ప్లాస్టిక్ కవరు ముక్కని నాలుగు వైపులా టేపుతో గోడకి అతికించి రాత్రంతా వదిలేయండి. పొద్దున దాని లోపలి వైపు నీటి చుక్కలు ఉంటే గోడ ఇంకా తడే. నీళ్లు పోసి ఆర్పిన హాలు గోడలకి ఈ పరీక్ష తప్పకుండా చేయండి. ఈ వానల్లో ఆరడానికి వారాలు పట్టవచ్చు.

అగరుబత్తులు, సాంబ్రాణి, రూమ్ స్ప్రేలతో వాసన కప్పకండి, అత్తయ్యగారి ఊపిరితిత్తులకి అది ఇంకో పొగ. ఓజోన్ మిషను పెట్టి వాసన తీస్తామని ఎవరైనా వస్తే వద్దనండి, ఆ గాలి కూడా ఆయాసం ఉన్నవాళ్లకి చెడుపే. మసి మిగిలి ఉన్నన్నాళ్లూ వాసన వస్తూనే ఉంటుంది. వస్తోందంటే ఎక్కడో వదిలేశారన్నమాట. ఫ్యాను రెక్కల పైభాగం, ట్యూబ్‌లైటు పట్టీ, తలుపుల పై అంచు, అటక, బీరువా కింద, స్విచ్చుబోర్డు లోపల వెతకండి.

సంక్రాంతి అడిగారు. వానలు కరుణించి గోడలు ఆరితే పొడి పని, కడగడం, ప్రైమరు అప్పటికి అయిపోవచ్చు. రంగు పండగ దాటాక వేసుకున్నా నష్టం లేదు. కానీ పాపని, అత్తయ్యగారిని తీసుకొచ్చే రోజు మాత్రం క్యాలెండరు చూసి పెట్టుకోకండి. తెల్ల నూలుగుడ్డ ఒకటి తీసుకుని ప్రతి గదిలో గోడ, నేల మూల, ఫ్యాను రెక్క, పాప చెయ్యి అందే కిటికీ అంచు పొడిగా తుడిచి చూడండి. గుడ్డ నల్లబడితే ఇంకా పని ఉన్నట్టే. నల్లబడకపోతే రాత్రి తలుపులన్నీ మూసేసి, పొద్దున బయటినుంచి వచ్చిన మనిషి చేత తీయించండి, ఇంట్లో ఉన్నవాళ్ల ముక్కుకి వాసన అలవాటైపోయి ఉంటుంది. ముసురు పట్టిన రోజున కూడా వాళ్లకి వాసన తెలియకపోతే అప్పుడు తీసుకురండి. ఈలోగా పండగ వస్తే పుట్టింట్లోనే చేసుకోండి.